విలాసం అంటే చిరునామా: హరవిలాస అవతారికలో భోగవస్తువు, ఊరిపేరు, ‘లగ్జరీ’ ముద్ర

వ్యాస సారాంశం

ఒకే పనికి వచ్చే రెండు వస్తువులలో ఒకటి సాధారణ సరుకుగా, మరొకటి ‘లగ్జరీ’గా ఎందుకు కనిపిస్తుంది? వాణిజ్యశాస్త్రం ఈ ప్రశ్నను ధర, నాణ్యత, ప్రచారం అనే కోణాల నుంచి చూస్తుంది. ప్రస్తుత వ్యాసం దీనిని పేరుకు సంబంధించిన ప్రశ్నగా, అంటే భాషకు, సాహిత్యానికి సంబంధించిన ప్రశ్నగా చూస్తుంది. శ్రీనాథుడి హరవిలాస అవతారికలో దేశదేశాల సరుకులను పేర్కొనే సీసపద్యాన్ని ప్రధానాధారంగా తీసుకొని, భోగవస్తువు గౌరవం ఏ అంశాల మీద నిలబడుతుందో పరిశీలిస్తుంది. దూరపు ఊరిపేరు, ధర విషయంలో మౌనం, శ్రమ కనిపించకపోవడం, ప్రభువు సాన్నిధ్యం అనే నాలుగు లక్షణాలను ఆ పద్యం నుంచి రాబట్టి, అవి నేటి బ్రాండ్లలో ఎలా కొనసాగుతున్నాయో చూపుతుంది. భోగవస్తువు పేరులోని ఊరు తరచు అది పుట్టిన ఊరు కాదనీ, చేతులు మారిన ఊరనీ ప్రతిపాదించి, ఆ వెలుగులో చేనేతకు లభించిన భౌగోళిక గుర్తింపు విలువను, పరిమితిని చర్చిస్తుంది.

కీలక పదాలు: శ్రీనాథుడు, హరవిలాసం, అవతారిక, మోటుపల్లి శాసనం, బసవపురాణం, భోగవస్తువు, ముద్ర, గోల్కొండ వజ్రం, భౌగోళిక గుర్తింపు, చేనేత.

1. ఉపోద్ఘాతం

కొండవీటి రెడ్డిరాజుల కాలపు వైభవానికి సాక్ష్యంగా సాహిత్య చరిత్రలలోనూ, సాంఘిక చరిత్రలలోనూ తరచు కనిపించే పద్యం ఒకటి హరవిలాస అవతారికలో ఉంది. అవచి వంశపు వర్తకులు ఏయే దేశాల నుంచి ఏయే సరుకులు తెప్పించారో చెప్పే సీసమది. ఆనాటి ఓడవ్యాపారానికి ఆధారంగా ఈ పద్యానికి మంచి పేరుంది. అయితే ఆధారంగా వాడుకున్నప్పుడు పద్యంలోని సమాచారం మాత్రమే మన చేతికి వస్తుంది. ఆ సమాచారాన్ని కవి ఏ వరుసలో పెట్టాడు, ఏది చెప్పాడు, ఏది చెప్పకుండా వదిలాడు అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. ఆ ప్రశ్నలే ఈ వ్యాసానికి మూలం.

భోగవస్తువు గురించి ఆధునిక సామాజికశాస్త్రంలో గట్టి ఆలోచన జరిగింది. థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో వెలువరించిన గ్రంథంలో, సంపన్నులు పదిమందికీ కనిపించేలా ఖర్చు చేయడం ద్వారా తమ హోదాను ప్రకటించుకుంటారని వాదించాడు. పియర్ బోర్దియూ 1979లో ‘అభిరుచి’ అని మనం సహజంగా భావించేది కూడా వర్గభేదాన్ని నిలబెట్టే సాధనమేనని చూపాడు. అర్జున్ అప్పాదురై 1986లో తన సంపాదకత్వంలో వచ్చిన గ్రంథానికి రాసిన పీఠికలో, విలాసవస్తువులను అవసరవస్తువులకు వ్యతిరేక పదంగా గాక, ప్రధానంగా సామాజిక సంకేతాలుగా పనిచేసే వస్తువులుగా చూడాలన్నాడు. ఈ ముగ్గురి దృష్టీ ఎక్కువగా వస్తువును వాడేవారి మీదా, వస్తువు తిరిగే దారి మీదా ఉంది. వస్తువును ఏ పేరుతో పిలుస్తారు, ఆ పేరు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది సాహిత్య విద్యార్థి ప్రత్యేకంగా వేయదగిన ప్రశ్న. సంకేతం అన్న తరువాత దానికి ఒక భాష ఉంటుంది గనుక, ఆ భాషను చదవడం విమర్శ పని.

2. ‘విలాసం’ అనే మాట

తెలుగులో ‘విలాసం’ అనే మాటకు రెండు వాడుకలున్నాయి. ఒకటి భోగం, సొగసు, క్రీడ అనే అర్థం. రెండవది ఉత్తరం మీద రాసే చిరునామా. ఈ రెండింటికీ వ్యుత్పత్తి సంబంధం ఉందని ఇక్కడ వాదించడం లేదు. కానీ ఒకే మాట రెండు పనులూ చేయడం ఆలోచనకు ఒక దారి చూపుతుంది. భోగవస్తువు ఎప్పుడూ ఒక చిరునామాతో కలిసి వస్తుంది. ‘ఎక్కడిది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే దాని మొదటి గొప్పతనం.

మన నిఘంటువులే ఇందుకు సాక్ష్యం. సింధుదేశపుది గనుక గుర్రం సైంధవమైంది, ఆ దేశపు ఉప్పూ సైంధవలవణమైంది. కుంకుమపువ్వుకు కాశ్మీరమనే పేరు నిలిచింది. పట్టుబట్ట చీనాంబరమైంది. ఈ పదాలలో ఊరిపేరు వస్తువుకు విశేషణంగా మొదలై, క్రమంగా వస్తువునే మింగేసింది. నేడు ఒక సంస్థ పేరు చెబితే చాలు, సంచియా గడియారమా అని అడగనవసరం లేకుండా పోవడం ఇటువంటిదే. బ్రాండు అనే మాట కొత్తదే గాని, పేరు వస్తువు స్థానాన్ని ఆక్రమించే ప్రక్రియ మనకు పాతదే.

3. అవతారిక నేపథ్యం

హరవిలాస కృతిభర్త అవచి తిప్పయసెట్టి రాజూ కాదు, మంత్రీ కాదు, వర్తకుడు. శ్రీనాథుడి ఇతర కృతిభర్తలతో పోలిస్తే ఈ విశేషం స్పష్టమవుతుంది. శృంగారనైషధాన్ని మామిడి సింగనామాత్యుడు, భీమేశ్వరపురాణాన్ని బెండపూడి అన్నయమంత్రి, కాశీఖండాన్ని రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డి అందుకున్నారు. హరవిలాసం ఒక సుగంధద్రవ్య వ్యాపారి ఇంటికి వెళ్లింది.

ఆ ఇంటికి రాజసంబంధం ఉంది. 1386 నుంచి 1402 వరకు కొండవీటిని పాలించిన కుమారగిరిరెడ్డి ఏటేటా వసంతోత్సవాలు జరిపించి, కర్పూర వసంతరాయలనే బిరుదుతో ప్రసిద్ధుడయ్యాడు. ఆ ఉత్సవాలకు కావలసిన కర్పూర కస్తూరికాది పరిమళద్రవ్యాలు సమకూర్చింది అవచివారే. అంటే రాజు బిరుదులోని కర్పూరం వర్తకుడి ఓడలో వచ్చినది. భోగం రాజుది, భోగ్యవస్తువు వర్తకుడిది, ఆ రెండింటినీ కలిపి చెప్పిన మాట కవిది. హరవిలాస అవతారిక ఈ మూడూ కలిసే చోటు.

4. సీసపద్యం చెప్పినది, చెప్పనిది

సీసంలో నాలుగు పెద్ద పాదాలుంటాయి. ఒక్కొక్క పాదం రెండు భాగాలుగా విరుగుతుంది. ఈ విరుపును శ్రీనాథుడు ఇక్కడ పూర్తిగా వినియోగించుకున్నాడు. ఎనిమిది భాగాలలో ఎనిమిది సరుకులు పెట్టాడు. పంజార కర్పూరం, సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు, గోవ సంకుమదం, యాంప ముత్యాలు, భోట కస్తూరి, చీనా పట్టు ఆ వరుసలోనివి. ప్రతి భాగంలోనూ నిర్మాణం ఒకటే. ముందు ఊరిపేరు, తరువాత వస్తువు, చివర తేవడమనే క్రియ. పద్యం అంగడి అరల వలె ఎనిమిది గదులుగా కట్టి ఉంది.

ఈ నిర్మాణంలో నాలుగు అంశాలు గమనించదగినవి.

మొదటిది ఊరిపేరు. ఏ వస్తువూ ఒంటరిగా రాదు. కర్పూరం అంటే చాలదు, అది పంజారపు కర్పూరం కావాలి. పంజారాన్ని సుమత్రా తీరపు ఫన్సూరుతో గుర్తించిన పరిశోధకులున్నారు. యాంప యాల్పాణం, హురుముంజి పారశీక సింధుశాఖ ముఖంలోని హోర్ముజ్. ఈ ఊళ్లను చూసిన శ్రోతలు కొండవీటి సభలో ఎంతమంది ఉండి ఉంటారు? చూడకపోవడం ఇక్కడ లోపం కాదు, బలం. చూడని ఊరే పేరుకు ఎక్కువ బరువునిస్తుంది. దూరం తెలిసేది మైళ్లలో కాదు, పలకడానికి కొత్తగా ఉండే ధ్వనిలో.

రెండవది ధర. ఎనిమిది సరుకులు చెప్పిన పద్యంలో ఒక్కదానికీ వెల లేదు. చెప్పినవాడు పరిమళద్రవ్యాల వర్తకుడి వంశాన్ని పొగుడుతున్నాడు. వెల తెలియనివారెవరూ అక్కడ లేరు. అయినా వెల రాలేదు. ఇది యాదృచ్ఛికం కాదనడానికి తరువాతి విభాగంలో మోటుపల్లి శాసనాన్ని పక్కన పెట్టి చూడవచ్చు.

మూడవది శ్రమ. పద్యమంతటా ఉన్న క్రియ తేవడం. చేయడం, నేయడం, తీయడం, వడగట్టడం లేవు. వీటిలో చాలా భాగం ప్రకృతి ఇచ్చినవే గదా, తయారీ ప్రసక్తి ఎందుకు వస్తుందని ఆక్షేపించవచ్చు. కానీ ముత్యానికి సముద్రంలో మునిగేవాడు కావాలి. కర్పూరానికి చెట్టు నరికి చీల్చేవాడు కావాలి. గుర్రానికి నడక నేర్పేవాడు కావాలి. పట్టు అయితే పూర్తిగా మనిషి చేతి పనే. ఆ పట్టు కూడా మిగిలినవాటి వలెనే ‘తేబడిన’ వస్తువుగానే కనిపిస్తుంది. చేసినవాడు లేని చోట తెచ్చినవాడే కర్త అయ్యాడు. వ్యాకరణంలో కర్తృస్థానం ఎవరికి దక్కిందో ఖ్యాతి కూడా వారికే దక్కింది.

నాలుగవది సాన్నిధ్యం. సీసం కింద వచ్చే గీతపద్యంలో వర్తకుడి బిరుదులూ, కుమారగిరితో అతనికున్న మైత్రీ వస్తాయి. ఎనిమిది సరుకుల ఊరేగింపు చివరకు రాజు వాకిట ఆగుతుంది. వస్తువుల గొప్పతనం వర్తకుడికీ, రాజు గొప్పతనం వస్తువులకూ సంక్రమిస్తాయి. రాజు వాడినది గనుక కర్పూరం గొప్పది. అంతటి కర్పూరం వాడాడు గనుక రాజు వసంతరాయలు. ఈ పరస్పరాశ్రయం తర్కంలో దోషం, భోగవస్తువు విషయంలో మాత్రం అదే పునాది.

5. శాసనం భాష, కావ్యం భాష

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ప్రసిద్ధం. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాము మాత్రం ముప్పైయింట ఒక వంతు సుంకమే తీసుకుంటామనీ ఆ శాసనం వర్తకులకు హామీ ఇచ్చింది. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, జవాది, పట్టునూలు, పగడాల వంటి సరుకులు అందులో ఉన్నాయి. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు.

శాసనంలోని సరుకులకూ హరవిలాసంలోని సరుకులకూ పెద్ద తేడా లేదు. కర్పూరం, ముత్యం, పట్టు, జవాది రెండింటిలోనూ ఉన్నాయి. తేడా భాషలో ఉంది. శాసనం వస్తువును తూకం వేస్తుంది, లెక్కపెడుతుంది, దాని మీద సుంకం చెబుతుంది. శాసనానికి ఓడ మునిగే ప్రమాదం తెలుసు, సరుకు దోపిడీ తెలుసు, వర్తకుడి భయం తెలుసు. కావ్యంలో ఓడ మునగదు, సుంకం పడదు, త్రాసు కనిపించదు. అదే కర్పూరం శాసనంలో సరుకు, పద్యంలో విలాసం. వస్తువు మారలేదు, దాన్ని చెప్పే వాక్యం మారింది.

ఒక వస్తువును విలాసవస్తువుగా భావింపజేసేది ఏమిటన్న ప్రశ్నకు ఈ పోలిక ఒక జవాబు ఇస్తుంది. లెక్క చెప్పే భాష నుంచి వస్తువును తప్పించి, పేరు చెప్పే భాషలోకి తీసుకురావడమే ఆ మార్పు. అందుకే ధర ఎక్కువైన ప్రతి వస్తువూ విలాసవస్తువు కాదు. నాగలి లాగే ట్రాక్టరు ఖరీదైనదే, ఆసుపత్రిలోని యంత్రం మరీ ఖరీదైనది. వాటిని ఎవరూ విలాసమనరు. వాటి గురించి మాట్లాడేటప్పుడు ధర, సామర్థ్యం, మన్నిక చెప్పక తప్పదు. ఆ మాటలు చెప్పనవసరం లేని స్థితికి చేరిన వస్తువే విలాసవస్తువు.

6. కావ్యం కూడా తెచ్చిన సరుకేనా?

అవచి ఇంటికి చేరినవాటిలో సీసంలో చెప్పని వస్తువు ఒకటుంది. అది హరవిలాసమే. కర్పూరం ఫన్సూరు నుంచి, గుర్రాలు హురుముంజి నుంచి తెప్పించుకున్న ఇల్లు కావ్యాన్ని శ్రీనాథుడి నుంచి తెప్పించుకుంది. వర్తకుడికి కృతిభర్త హోదా ఎందుకు కావాలి? సంపద అతనికి ఉంది, రాజమైత్రి ఉంది. లేనిది చిరకాలం నిలిచే పేరు. కర్పూరం హరించిపోతుంది, గుర్రం ముసలిదవుతుంది. ఆరు శతాబ్దాల తరువాత అవచివారి పేరు మనకు తెలియడానికి కారణం వారి ఓడలు కావు, వారు అందుకున్న కావ్యం. ఆ ఇంటి సరుకులన్నింటిలోకీ మన్నిక గలది అదే.

అయితే ఈ సరుకుకు ఒక ప్రత్యేకత ఉంది. మిగిలిన ఎనిమిదింటికీ ఊరిపేరు ముద్ర అయితే, దీనికి మాత్రం చేసినవాడి పేరే ముద్ర. పట్టు నేసినవాడు అనామకుడు, పద్యం నేసినవాడు కవిసార్వభౌముడు. కర్తృనామం వస్తువుతో పాటు ప్రయాణించే హక్కు ఆ సభలో కవికే ఉంది. ఆ హక్కు ఎంత అసాధారణమైనదో కవికి బాగా తెలుసు. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం పొందిన ఖ్యాతిని ఆయన కావ్యాలు, చాటువులు మోసుకొచ్చాయి.

పేరు నిలవడం వేరు, బతుకు నిలవడం వేరు. శ్రీనాథుడి పేరున ప్రచారంలో ఉన్న చివరి దశ చాటువులు కృష్ణాతీరంలోని బొడ్డుపల్లి గుత్త చెల్లించలేక ఆయన పడిన అవమానాన్ని చెబుతాయి. వాటి కర్తృత్వం గురించి ఎన్ని సందేహాలున్నా, తెలుగు సమాజం ఆ పద్యాలను శతాబ్దాలుగా గుర్తుపెట్టుకోవడం గమనించదగినది. ఖ్యాతిగల ముద్ర, దాని వెనుక ఉన్న మనిషికి తిండిగింజలు హామీ ఇవ్వదని ఆ సంప్రదాయానికి తెలుసు.

7. చేసినవాడి పేరు చెప్పిన కావ్యం

చేతిపనివాడి పేరు తెలుగు కావ్యంలో అసలే లేదనడం సరికాదు. శ్రీనాథుడికి ముందే పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో నేతగాడైన భక్తుడు దేడర దాసయ్య కథ చెప్పాడు. దాసయ్య శ్రమపడి నేసిన వస్త్రాన్ని జంగమరూపంలో వచ్చిన శివుడు అడిగి తీసుకొని, అతని కళ్లముందే చింపివేస్తాడు. దాసయ్య చలించడు. ఫలితంగా తరగని తవనిధి పొందుతాడు.

హరవిలాస సీసం పక్కన ఈ కథను నిలిపితే రెండు విలువల వ్యవస్థలు కనిపిస్తాయి. ఒకచోట బట్టకు ఊరు ఉంది, మనిషి లేడు. ఇంకొకచోట మనిషి ఉన్నాడు, మగ్గం ఉంది, ఇల్లు ఉంది. ఒకచోట బట్ట పయనించి రాజును చేరి విలువ పెంచుకుంటుంది. ఇంకొకచోట చిరిగిపోయాక కూడా విలువ నేసినవాడిలోనే మిగులుతుంది. సోమనాథుడికి వస్త్రసంపద తెలియక కాదు. ఆయన ద్విపదలలోని వస్త్రనామాల సుదీర్ఘమైన పట్టికలు సాంఘిక చరిత్రకారులకు గనులు. తెలిసి కూడా ఆయన ఈ కథలో వస్తువును చింపించి, చేతిని నిలబెట్టాడు. భోగవస్తువు గురించి మన సాహిత్యంలో ఒకే దృష్టి లేదని, రెండు దృష్టులు పక్కపక్కనే ఉన్నాయని దీనివల్ల తెలుస్తుంది.

8. పుట్టిన ఊరు, చేతులు మారిన ఊరు

ఇప్పుడు సీసంలోని ఊరిపేర్లను మరొకసారి చూడవలసి ఉంది. సింహళపు ఏనుగు సింహళంలో పుట్టినదే, భోట కస్తూరి హిమాలయ ప్రాంతపుదే. కానీ హురుముంజి గుర్రం హురుముంజిలో పుట్టలేదు. హోర్ముజ్ మంచినీటికి కూడా కటకటలాడిన ఎండు దీవి. పారశీక, అరబ్బు దేశాలలో పెంచిన గుర్రాలను అక్కడ ఓడలకెక్కించేవారు. గుర్రానికి పేరిచ్చింది దాన్ని పెంచిన పచ్చిక కాదు, దాన్ని అమ్మిన రేవు.

తెలుగునేల మీదే ఇందుకు మరింత స్పష్టమైన ఉదాహరణ ఉంది. ప్రపంచమంతటా మేలిమి వజ్రానికి ‘గోల్కొండ’ అన్నది పర్యాయపదం. అంతర్జాతీయ వేలంసంస్థలు అత్యంత స్వచ్ఛమైన వజ్రాలను ఇవాళ్టికీ ఆ పేరుతోనే కొనియాడతాయి. గోల్కొండ కోటలో వజ్రాల గని ఎన్నడూ లేదు. గనులు కృష్ణాతీరంలోని కొల్లూరు, పరిటాల వంటి చోట్ల ఉండేవి. 17వ శతాబ్దంలో కొల్లూరును చూసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, అక్కడ స్త్రీలు, పిల్లలతో సహా దాదాపు 60,000 మంది పనిచేసేవారని 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో రాశాడు. వజ్రం వ్యాపారమూ, రాజాధికారమూ గోల్కొండలో ఉన్నాయి గనుక పేరు గోల్కొండది అయింది. తవ్వినవారి ఊరు కొల్లూరు చరిత్ర విద్యార్థులకు మాత్రమే మిగిలింది. ఆ గని ప్రాంతం నేడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

కాబట్టి ‘విలాసం అంటే చిరునామా’ అన్న ప్రతిపాదనను ఇక్కడ సవరించుకోవాలి. అది వస్తువు జన్మస్థలం చిరునామా కానవసరం లేదు. తరచు అది విలువను ప్రకటించే అధికారం ఉన్న చోటు చిరునామా.

9. నేటి ముద్రలు

పందొమ్మిదో శతాబ్దంలో ఊరిపేరు స్థానంలోకి క్రమంగా ఇంటిపేరు వచ్చింది. 1837లో పారిస్‌లో గుర్రపు జీనుసామగ్రి చేసే దుకాణంగా మొదలైన ఎర్మెస్, 1854లో ప్రయాణపు పెట్టెల దుకాణంగా మొదలైన లూయీ వితాఁ ఇందుకు ఉదాహరణలు. వితాఁ కొడుకు జార్జ్ 1896లో తండ్రి పేరులోని పొడి అక్షరాలను అల్లి పెట్టెల బట్ట మీద ముద్రింపజేశాడు. అనుకరణలను అరికట్టడం అందులో ఒక ఉద్దేశం. నకిలీని ఆపడానికి పుట్టిన గుర్తే తరువాత అసలు ఆకర్షణ అయింది.

హరవిలాస సీసంలోని నాలుగు లక్షణాలు ఈ సంస్థలలో దాదాపుగా అలాగే ఉన్నాయి. ఊరిపేరు ఉంది. చిహ్నం కింద ‘పారిస్’ అని ఉండటం అందుకే. ధర విషయంలో మౌనం ఉంది. ఎర్మెస్ వారి బిర్కిన్ సంచి డబ్బున్నంత మాత్రాన అడిగిన వెంటనే దొరకదు. ప్రభువు సాన్నిధ్యం ఉంది. ఆ సంచికి 1984లో వచ్చిన పేరు నటి, గాయని జేన్ బిర్కిన్‌ది. శ్రమ విషయంలో మాత్రం ఒక మార్పు కనిపిస్తుంది. శ్రీనాథుడి సీసం చేతిపనిని దాచింది, నేటి సంస్థలు దాన్ని ప్రదర్శిస్తాయి. కుట్టే చేతిని చిత్రీకరించి చూపుతాయి. కానీ సంచి లోపల పనివారి గుర్తు ఉంటుంది గాని, పైన పేరు ఉండదు. చేయి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఇది మౌనం కన్నా నేర్పుగల మౌనం.

2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన పురుషుల వస్త్రప్రదర్శనలో ఇటలీ సంస్థ ప్రాదా చూపిన తోలుచెప్పులు ఈ చర్చనంతటినీ ఒక్కచోటికి తెచ్చాయి. అవి కొల్హాపురి చెప్పులను స్పష్టంగా పోలి ఉన్నా, ప్రదర్శనలో కొల్హాపుర్ ప్రసక్తి లేదు. 2019లోనే ఆ చెప్పులకు భౌగోళిక గుర్తింపు లభించింది. విమర్శలు వచ్చాక, భారతీయ సంప్రదాయ పాదరక్షలే తమకు ప్రేరణ అని సంస్థ అంగీకరించింది. అదే ఆకారం, అదే తోలు. కొల్హాపుర్ సంతలో చెప్పులు, మిలాన్ వేదిక మీద లగ్జరీ. రెండింటి మధ్యా ప్రయాణించినది వస్తువు, ప్రయాణించనిది పేరు. హురుముంజి గుర్రం కథ ఇక్కడ పునరావృతమైంది.

10. చేనేత: పేరు ఎవరిది?

1999లో చేసి 2003లో అమలుకు తెచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. పోచంపల్లి ఇకత్, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, నారాయణపేట చీరలు, ఉప్పాడ జాందానీ ఈ చట్టం కింద నమోదయ్యాయి. చట్టం చేసిన ముఖ్యమైన పని, చేతులు మారిన ఊరి నుంచి పేరును లాగి పుట్టిన ఊరికి తిరిగి ఇవ్వడం. గోల్కొండకు పోయిన పేరును కొల్లూరుకు తెచ్చి ఇవ్వడం వంటిది ఇది. సాహిత్యదృష్టితో చూస్తే, తేవడమనే క్రియకు బదులు పుట్టడమనే క్రియను వాక్యంలోకి తెచ్చిన చట్టమిది. ఆ మేరకు దీని విలువ తక్కువది కాదు.

దీని పరిమితి కూడా ఆ క్రియలోనే ఉంది. ‘పుట్టింది’ అంటే తనంత తాను పుట్టినట్టే. ‘నేసింది’ అనే క్రియ ఇంకా రాలేదు. పోచంపల్లి అన్నది ఊరు. ఆసు పోసి, పోగులు కట్టి, రంగులద్ది, విప్పి, మళ్లీ కట్టి, పడుగూ పేకా కలిసేచోట బొమ్మ తప్పకుండా నేసేది ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఆడవారి పని ఎంత ఉందో ‘లక్ష్మీ ఆసుయంత్రం’ చరిత్ర చెబుతుంది. ఆసు పోసేటప్పుడు చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పి తల్లి పడుతున్న భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ యంత్రాన్ని రూపొందించి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇకత్ చీర చుట్టూ ఉన్న ప్రసిద్ధ నామాలలో చేసిన మనిషి పేరు చేరినది ఇక్కడే. అదీ చీర మీద కాదు, యంత్రం మీద.

నగరంలోని పెద్ద దుకాణంలో అదే చీర అద్దాల వెనుక నిలిచినప్పుడు దాని సంచి మీద ఉండేది దుకాణం పేరు. మగ్గం మీద కూలికి నేసే కుటుంబానికి పడుగు లెక్కన కూలి ముడుతుంది. అంటే నేతగాడి ఇంట్లో ఆ చీర ఇంకా మోటుపల్లి శాసనం భాషలోనే ఉంది. తూకం, లెక్క, కూలి. దుకాణానికి చేరాక అది హరవిలాసం భాషలోకి మారుతుంది. రెండు భాషల మధ్య ఉన్న ఆ గడప దగ్గరే లాభం పుడుతోంది. చేనేతకు ‘లగ్జరీ’ హోదా తెస్తే నేతగాడి కష్టాలు తీరతాయనే వాదన తరచు వినిపిస్తుంది. హోదా చీరకు వస్తుందా, దాన్ని నేసిన ఇంటికి వస్తుందా అని ముందుగా అడగనిదే ఆ వాదనను ఆమోదించలేము. కొండవీటి కర్పూరానికి వచ్చిన హోదా ఫన్సూరు అడవిలో చెట్టు చీల్చినవాడికి చేరినట్టు ఏ కావ్యమూ చెప్పలేదు.

11. ముగింపు

హరవిలాస అవతారికలోని సీసం భోగవస్తువును నిర్వచించలేదు, నిర్మించి చూపింది. దూరపు ఊరిపేరును చెప్పడం, వెలను చెప్పకపోవడం, చేసినవాడిని విడిచి తెచ్చినవాడిని కర్తగా నిలపడం, ప్రభువు దగ్గర పద్యాన్ని ముగించడం ఆ నిర్మాణంలోని నాలుగు భాగాలు. మోటుపల్లి శాసనంతో పోల్చినప్పుడు, సరుకుకూ విలాసానికీ మధ్య భేదం వస్తువులో కన్నా వాక్యంలో ఎక్కువగా ఉందని తేలుతుంది. నేటి బ్రాండ్లు ఈ నాలుగింటినీ కొనసాగిస్తూ, శ్రమను దాచడానికి బదులు పేరు లేకుండా ప్రదర్శించే పద్ధతిని చేర్చుకున్నాయి.

హురుముంజి, గోల్కొండ ఉదాహరణలు చూపినట్టు, విలువ అంటుకునేది పుట్టిన చోటును కాదు, ప్రకటించే అధికారమున్న చోటును. భౌగోళిక గుర్తింపు ఆ అధికారంలో కొంత భాగాన్ని ఊరికి తిరిగి ఇచ్చింది. మనిషికి ఇవ్వడం మిగిలి ఉంది. కవి విషయంలో తెలుగు సమాజం ఆ హక్కును ఏనాడో అంగీకరించింది. పద్యం ఎవరు కొనుక్కున్నా, దాని కర్త ఎవరని అడగడం మానలేదు. దేడర దాసయ్య కథ ద్వారా సోమనాథుడు ఆ ప్రశ్ననే బట్టకూ వర్తింపజేశాడు. ప్రాచీన కావ్యాలలోని వస్తుసంపదను పరిశోధించేవారు ఏ సరుకు ఏ దేశం నుంచి వచ్చిందని అడగడంతో ఆగకుండా, ఆ వాక్యంలో ఏ క్రియ ఉంది, ఏ క్రియ లేదు, కర్తృస్థానంలో ఎవరున్నారు అని కూడా అడిగితే, పాత పద్యం నేటి అంగడిని చదవడానికి పనికివస్తుంది.